రూ. 3,000లో ఇంట్లోకి బండి పానాలు: ఏవి కొనాలి, ఏవి వద్దు?

నెల్లూరు_కుర్రాడు
ఇంట్లో రెండు బళ్లు. నాన్నది స్ప్లెండర్ ప్లస్ (2016, కార్బ్యురేటర్), నాది ఎఫ్‌జెడ్ (బీఎస్6). ఆయిల్, చైను, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, డ్రమ్ బ్రేకు, కుదిరితే టాపెట్లు (వాల్వుల దగ్గర సందు సరిచేయడం). ఇంతవరకు ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. ఇంజిన్ విప్పే ఉద్దేశం లేదు. బడ్జెట్ 3,000, మహా అయితే ఇంకో రెండొందలు. ఆన్‌లైన్‌లో 46 పీసుల సాకెట్ సెట్టు వెయ్యి లోపే కనిపిస్తోంది. 108 పీసులది ఒక్కటే బడ్జెట్ మొత్తం మింగేసేలా ఉంది. అది తీసుకుంటే ఇక ఏమీ కొనక్కర్లేదా, లేక విడిగా పానాలు కొనాలా? షాపాయన ఒకటి చెప్తాడు, యూట్యూబాయన ఇంకోటి చెప్తాడు.

కిక్_రాడ్
వీధి చివర షెడ్డులో ఆయిల్ మార్చడానికి వంద తీసుకుంటాడు. 3,000 అంటే ముప్పై సార్లు. లెక్క నువ్వే వేసుకో.

పానా_పోతురాజు
కిక్_రాడ్ లెక్క పక్కన పెట్టు. సెట్టులో ఎన్ని పీసులున్నాయని చూసి కొనొద్దు, నీ బండి మీద ఏ బోల్టులున్నాయో చూసి కొను. ఆ 108లో ఎక్కువ భాగం స్క్రూ బిట్లూ, బండికి అక్కర్లేని సైజులే.

నీ బళ్లు రెండూ జపాను వంశం. ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) బోల్టుకి తల 8 లేదా 10, ఎం8కి 12, ఎం10కి 14, ఎం12కి 17. ఈ అయిదు సైజులుంటే యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్లు తప్ప నువ్వు చెప్పిన పనులు దాదాపు అన్నీ అయిపోతాయి. యాక్సిల్ నట్టు బండిని బట్టి 17, 19, 22, 24 ఏదైనా కావచ్చు. ఎదురెదురు పలకల మధ్య స్కేలు పెట్టి కొలుచుకుని ఆ ఒక్క సైజూ విడిగా తెచ్చుకో.

నేనైతే ఇలా కొంటాను. రేట్లు సుమారుగా చెప్తున్నా, షాపు షాపుకీ తేడా ఉంటుంది:

డబుల్ రింగు పానాలు విడిగా అయిదు (8-9, 10-11, 12-13, 14-15, 16-17): 600
టీ పానాలు 8, 10, 12: 400
మంచి స్టార్ స్క్రూ డ్రైవరు 2 నంబరు, ఒక ఫ్లాటు: 350
ఆలెన్ కీ సెట్టు: 200
ప్లగ్ పానా (బండితో వచ్చింది ఉంటే వద్దు): 120
ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకులు): 150
కటింగ్ ప్లేయరు: 250
మల్టీమీటరు: 300
గాలి గేజి: 250
ట్రే, గరాటు, బ్రష్షు: 150

మొత్తం 2,770. మిగిలిన దాంతో యాక్సిల్ పానా. ఓపెన్ పానాల సెట్టు కావాలనే పెట్టలేదు. దాని నోరు బోల్టు తలని రెండు పలకల మీదే పట్టుకుంటుంది. బిగుసుకున్న బోల్టు మీద అది జారిందంటే తల గుండ్రమైపోతుంది. రింగు చుట్టూ పట్టుకుంటుంది.

గేర్_నంబర్_5
ఓపెన్ పానా అస్సలు వద్దంటే ఎలా గురూ? క్లచ్ కేబుల్ అడ్జస్టరు, బ్రేక్ రాడ్డు, అద్దాల లాక్ నట్టు, వీటికి రింగు ఎటునుంచి దూరుస్తావ్? 10, 12, 14 కాంబినేషన్ పానాలు (ఒక కొస రింగు, ఒక కొస నోరు) మూడూ ఉండి తీరాలి.

పానా_పోతురాజు
ఒప్పుకున్నా. 10, 12, 14 రింగుల బదులు కాంబినేషన్ తీసుకోమను, ఖర్చులో పెద్ద తేడా రాదు. 17 మాత్రం రింగే.

ఓరుగల్లు_రైడర్
46 పీసుల సెట్టును అంత తీసిపారేయకుర్రి. అండ్ల 4 నుంచి 14 దాకా సాకెట్లు ఉంటయి. సైడు ప్యానెళ్లు, సీటు, బ్యాటరీ టెర్మినల్, ఎయిర్ ఫిల్టర్ బాక్సు, ఇసొంటి చిన్న పనులకు మస్తు అక్కెరకొస్తది. కాకపోతే అది పావు అంగుళం డ్రైవు (సాకెట్ తగిలే చదరపు కొస కొలత). యాక్సిల్ మీద, డ్రెయిన్ బోల్టు (ఇంజిన్ కింద ఆయిల్ దింపేది) మీద పెట్టి పైపు తగిలిస్తే రాచెట్ (సాకెట్‌ను తిప్పే పిడి) లోపల పళ్లు లేస్తయి. 17 సాకెట్ అసలే ఉండదు.

నెల్లూరు_కుర్రాడు
అలాగైతే అర అంగుళం డ్రైవు సెట్టే మేలు కదా? షాపులో అదే చూపించాడు, బరువుగా దిట్టంగా ఉంది.

ఆటోనగర్_బాబాయ్
దిట్టంగా ఉంటుంది కాబట్టే వద్దు అబ్బాయ్. అది కార్లకీ లారీలకీ. బండి మీద ఎక్కువగా ఉండేవి ఎం6 బోల్టులు, అవి కూర్చునేది అల్యూమినియంలో. వాటికి కావల్సిన బిగింపు 10 న్యూటన్ మీటర్లు. అర అంగుళం రాచెట్ చెయ్యి అడుగు దాకా ఉంటుంది, దాంతో 10 న్యూటన్ మీటర్లు ఎక్కడ దాటిందో చేతికి తెలీనే తెలీదు. 10 నంబరు పానాని పొట్టిగా చేసింది అందుకే. సాకెట్లే కావాలంటే మూడు ఎనిమిదో వంతు అంగుళం డ్రైవు చూసుకో, బండికి సరిపోయే కొలత అదే. బడ్జెట్‌లో మాత్రం కష్టం. టీ పానాలతో మొదలెట్టు.

సుజాత_350
స్ప్లెండర్, ఎఫ్‌జెడ్ వాళ్లకి ఈ లెక్క సరే. క్లాసిక్ 350 ఉన్నవాళ్లు దీన్నే పట్టుకెళ్లి కొనేయకండి. మాకు 13 కూడా తగులుతుంది, ఆలెన్ బోల్టులూ ఎక్కువ. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ అయితే విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) సైజులు. మిల్లీమీటర్ పానా పెడితే ఒకటి వదులు, పక్కది పట్టదు. కేటీఎం వాళ్లకి టార్క్స్ (ఆరు కొసల నక్షత్రం ఆకారం) బిట్లు కావాలి.

చైన్_స్ప్రాకెట్
స్క్రూ డ్రైవర్ గురించి ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. స్ప్లెండర్ కార్బ్యురేటర్ మీద, కవర్ల మీద ఉన్న స్టార్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ కాదు, జిస్. జపాను ప్రమాణం. చాలా స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. ఫిలిప్స్ డ్రైవరు కొస అందులో అడుగుదాకా కూర్చోదు, గట్టిగా తిప్పితే పైకి తన్నేస్తుంది. రెండుసార్లు తన్నిందంటే స్టారు కాస్తా గుంట అవుతుంది. వెసెల్ లాంటి జపాను కంపెనీల జిస్ డ్రైవరు 2 నంబరు ఒకటి కొను. మామూలు దానికంటే రెండు మూడింతలు పడుతుంది. అయినా ఈ కిట్టులో డబ్బు పెట్టాల్సిన చోటు అదే. ప్లేయరూ గరాటూ ఎంత చవకవైనా పని నడుస్తుంది.

కిక్_రాడ్
చుక్క వెతకాలంటే ముందు స్క్రూ మీద మట్టి గోకాలి. ఆ పనికి జిస్ గోకుడు పుల్ల ఉందా?

చైన్_స్ప్రాకెట్
పాత టూత్ బ్రష్షు. జోకైనా మంచి పాయింటే: గాడిలో మట్టి ఉంటే ఏ డ్రైవరూ కూర్చోదు. ముందు శుభ్రం చేసి, తర్వాత డ్రైవర్ పెట్టి వెనక నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేసి, అప్పుడు తిప్పాలి. స్టీలు స్క్రూ అల్యూమినియంలో ఏళ్ల తరబడి ఉంటే రెండూ పట్టేసుకుంటాయి, దెబ్బకి ఆ పట్టు వదులుతుంది. అప్పటికీ రాకపోతే ఇంపాక్ట్ డ్రైవరు. కరెంటుది కాదు, సుత్తితో కొట్టే రకం. విప్పే వైపుకి తిప్పి పెట్టుకుని, చేత్తో ఎడమకి కాస్త బిగపట్టి, ఒక్క గట్టి దెబ్బ. కార్బ్యురేటర్ మీద మాత్రం వాడొద్దు, పగిలిపోతుంది. కవర్ల మీద ఊడిన స్క్రూల స్థానంలో అదే పొడవు ఎం6 ఆలెన్ బోల్టులు వేసుకుంటే మళ్లీ ఈ గోల ఉండదు.

గేర్_నంబర్_5
గాడి సగం పోయిన స్క్రూకి ఇంకో చిట్కా. డ్రైవరు కొసకి వాల్వ్ గ్రైండింగ్ పేస్టు కాస్త రాయి. అందులో గరుకు ఉంటుంది కాబట్టి జారదు.

సండే_మెకానిక్
టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేకుండా డ్రెయిన్ బోల్టు ముట్టుకోవద్దు. కింద త్రెడ్డు పోతే బోల్టు ఖర్చు కాదు, కేసుకి హెలికాయిల్ (పోయిన త్రెడ్డు బదులు వేసే తీగ చుట్ట) వెయ్యాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

ఆటోనగర్_బాబాయ్
టార్క్ రెంచి లేకుండానే దేశంలో సగం బళ్లు నడుస్తున్నాయి నాయనా.

సండే_మెకానిక్
అవును, సగం బళ్లకి డ్రెయిన్ బోల్టు చుట్టూ ఎం-సీల్ కూడా ఉంది.

ఓరుగల్లు_రైడర్
😂😂 బాబాయ్ ఔట్.

ఆటోనగర్_బాబాయ్
ఔటేం కాదు. చవక టార్క్ రెంచి తీసుకొచ్చి మరీ త్రెడ్డు పోగొట్టేవాళ్లున్నారు. అర అంగుళం క్లిక్ రకం (పెట్టిన బిగింపు రాగానే టక్కుమనేది) చాలావరకు 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది. ఎం12 డ్రెయిన్ బోల్టుకి కావల్సింది 25 నుంచి 30. అంటే ఆ రెంచి స్కేలులో అట్టడుగున, అసలు నమ్మకం లేని చోట వాడుతున్నట్టు. క్లిక్ వినపడలేదని ఇంకా లాగుతారు, అంతే సంగతులు. కొంటే 5 నుంచి 25 ఉన్న చిన్నది, లేదా 10 నుంచి 60 ఉన్నది కొనాలి. వాడాక స్ప్రింగుని కనిష్ఠ అంకెకి దించి పెట్టాలి. బోల్టు విప్పడానికి దాన్ని వాడనే కూడదు.

డల్లాస్_పల్సర్
టార్క్ రెంచి కొనకుండా ఒక మార్గం ఉంది. లగేజీ తూకం. కొక్కెం ఉన్న డిజిటల్‌ది. ఇక్కడి నుంచి చుట్టాలు వచ్చి వెళ్లిన ప్రతి ఇంట్లో ఒకటి పడి ఉంటుంది.

17 రింగు పానాని బోల్టు మీద పెట్టు. బోల్టు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి అక్కడ తాడు కట్టు. తాడుకి తూకం తగిలించి పానాకి లంబంగా, నెమ్మదిగా లాగు. 10 కిలోలు చూపిస్తే ఆపెయ్. 10 × 9.8 × 0.25 = 24.5 న్యూటన్ మీటర్లు.

గేర్_నంబర్_5
పానా 25 సెంటీమీటర్లు లేకపోతే?

డల్లాస్_పల్సర్
ఎంత ఉంటే అంతే తీసుకుని కిలోలు మార్చుకో. 20 సెంటీమీటర్ల దగ్గరైతే పన్నెండున్నర కిలోలు. ఎం6కి 10 న్యూటన్ మీటర్లు కావాలంటే పన్నెండున్నర సెంటీమీటర్ల దగ్గర 8 కిలోలు. లంబంగా లాగడం మాత్రం తప్పకూడదు. ఏటవాలుగా లాగితే తూకం చూపించేదానికంటే బోల్టుకి తక్కువ అందుతుంది. త్రెడ్డుకి ఆయిల్ అంటుకుని ఉంటే అవే కిలోల దగ్గర బోల్టు ఇంకా ఎక్కువ బిగుస్తుంది, అందుకే తుడిచి వెయ్యాలి.

సండే_మెకానిక్
ఇది బాగుంది. కిట్టు లిస్టులో లగేజీ తూకం చేర్చండి.

నెల్లూరు_కుర్రాడు
తూకం ఉంది, పిన్ని వాళ్లది 😀 ప్లగ్గుకి కూడా ఇలాగే చెయ్యాలా?

పానా_పోతురాజు
ప్లగ్గుకి తూకం అక్కర్లేదు. స్ప్లెండర్ ప్లగ్గు 10 మిల్లీమీటర్ల త్రెడ్డు, 16 పానా. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పు. విప్పే ముందు చుట్టూ ఉన్న మట్టి ఊదెయ్, లేదంటే అది సిలిండర్లో పడుతుంది. ఎక్కించేటప్పుడు పానాకి పిడి తగిలించకుండా, ఉత్త గొట్టాన్ని వేళ్లతో తిప్పు. మూడు నాలుగు చుట్లు వేళ్లతో సాఫీగా దిగాలి. మొదటి చుట్టులోనే బిగుతుగా అనిపిస్తే త్రెడ్డు అడ్డం పడ్డట్టే, వెనక్కి తిప్పి మళ్లీ పెట్టు. వేళ్లతో ఆనేదాకా వచ్చాక కొత్త ప్లగ్గు అయితే అర చుట్టు, అప్పుడు దాని వాషరు నలుగుతుంది. పాతదే మళ్లీ వేస్తే వాషరు ముందే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో పన్నెండో వంతు, మహా అయితే ఎనిమిదో వంతు. ఎక్కువమంది హెడ్డు త్రెడ్డు పోగొట్టేది ఈ రెండో రకంలోనే, పాత ప్లగ్గుకి కూడా అర చుట్టు తిప్పేసి.

కిక్_రాడ్
సరే, నేనూ వింటున్నా. ఆయిల్ మార్చడం కూడా ఎవరైనా చెప్పండి, వంద మిగుల్తుంది.

ఆటోనగర్_బాబాయ్
వచ్చావా దారికి.

బండి రెండు మూడు నిమిషాలు స్టార్టులో ఉంచు, ఆయిల్ పల్చబడుతుంది. మరీ కాలేంత వేడి వద్దు. స్ప్లెండర్ అయితే సెంటర్ స్టాండు వెయ్యి. డిప్‌స్టిక్ ముందే తీసెయ్, గాలి దూరితే ఆయిల్ త్వరగా దిగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది: కింద ఖాళీ చేశాక పైన డిప్‌స్టిక్ రాకపోతే ఏం చేస్తావ్? కింద ట్రే పెట్టి 17 రింగుతో డ్రెయిన్ బోల్టు వదులు చెయ్, చివరి చుట్లు చేత్తో. పది నిమిషాలు కారనివ్వు. వాషరు కొత్తది వెయ్యి, పది ఇరవై రూపాయల వస్తువు. పాతది నలిగి ఉంటుంది, కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తారు, అప్పుడు త్రెడ్డు పోతుంది. ఇందాకటి ఎం-సీల్ కథలు ఎక్కువగా అలా మొదలైనవే.

ఆయిల్ డబ్బా మీద జాసో (బండి ఆయిళ్ల జపాను ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయొద్దు. బండి క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లలో చాలావాటికి జారుడు పెంచే మందులు కలుపుతారు, దాంతో క్లచ్ జారుతుంది. స్ప్లెండర్‌కి లీటరు పట్టదు, డబ్బా మొత్తం ఒంపేయకు. ఎక్కువైతే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ బాక్సులోకి ఎక్కుతుంది. డిప్‌స్టిక్‌ని తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి.

సుజాత_350
తీసిన పాత ఆయిల్ మురిక్కాలవలో పోయకండి. అదే డబ్బాలో పోసి షెడ్డులో ఇస్తే వాళ్ల డ్రమ్ములో పోసుకుంటారు.

విశాఖ_తుప్పు
చైను సంగతి. నాన్నగారి స్ప్లెండర్‌కి పూర్తి చైన్ కవరు ఉంటుంది, దానికి చూసుకునే రంధ్రం, రబ్బరు మూత. మూత తీసి స్క్రూ డ్రైవరుతో చైనుని పైకీ కిందికీ ఆడించి చూడాలి, సుమారు 25 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట సెట్ చెయ్యాలి. వదులుగా ఉన్నచోట చూసి బిగిస్తే బిగుతు చోటికి వచ్చేసరికి గేర్ బాక్స్ బేరింగు మీద లాగుతుంది. రెండు వైపులా అడ్జస్టరు గుర్తులు ఒకే గీత మీద ఉండాలి. చైను బిగిస్తే వెనక బ్రేకు రాడ్డు ఆట కూడా తగ్గుతుంది, అదీ చూసుకోవాలి, లేదంటే డ్రమ్ము పట్టేసి వేడెక్కుతుంది. ఎఫ్‌జెడ్ కొలత మాన్యువల్లో చూసుకో.

కడగడానికి కిరసనాయిలు గానీ డీజిల్ గానీ చాలు. చైన్ లూబ్ స్ప్రే ఖరీదనుకుంటే 90 నంబరు గేర్ ఆయిల్ సన్నగా రాసి, గంటాగి, పైన మిగిలింది తుడిచెయ్యి.

ఓరుగల్లు_రైడర్
పెట్రోల్‌తోని కడిగితే జల్దీ పోతది కదా మురికి?

విశాఖ_తుప్పు
మామూలు చైనుకి పెద్ద నష్టం లేదు, నిప్పు భయం తప్ప. ఓ-రింగు చైను అయితే రబ్బరు రింగులు పాడై లోపలి గ్రీజు పోతుంది. అసలు ప్రమాదం అది కాదు. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫస్ట్ గేర్లో వేసి, తిరిగే చైనుకి గుడ్డ అడ్డం పెట్టి తుడుస్తారు చూడండి, అది వద్దు. గుడ్డని స్ప్రాకెట్ లాగితే దాంతోపాటు వేళ్లు పోతాయి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్లో చక్రం చేత్తో తిప్పుకోవాలి.

చైన్_స్ప్రాకెట్
ఇది ఈ పేజీ పైన ఎర్ర అక్షరాల్లో పెట్టాలి. ఇంకోటి, చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను కదిలే దిశలో ముందుకి ఉండాలి. తెరిచిన కొస ముందుకి పెడితే ఏదైనా తగిలి ఊడుతుంది.

నెల్లూరు_కుర్రాడు
ఎఫ్‌జెడ్‌కి సెంటర్ స్టాండు లేదు. ప్యాడాక్ స్టాండు (వెనక చక్రాన్ని పైకి లేపి ఉంచేది) కొంటే బడ్జెట్ సగం పోతుంది.

గేర్_నంబర్_5
ఇప్పుడే వద్దు. సైడ్ స్టాండు మీదే ఉంచి, బండిని అడుగు అడుగు ముందుకి తోస్తూ చైను రాసుకోవచ్చు. చక్రం ఊడదీసే రోజొస్తే అప్పుడు కొను. ఇటుకల మీద, రాళ్ల మీద ఎక్కించడం మాత్రం చెయ్యకు. యాక్సిల్ నట్టు మీద బలం పెట్టిన క్షణాన బండి పక్కకి ఒరుగుతుంది.

సండే_మెకానిక్
మల్టీమీటరు 300ది సరిపోతుంది. డీసీ వోల్టు 20 దగ్గర పెట్టి చూడు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.5 నుంచి 14.8 మధ్య. 15 దాటితే రెగ్యులేటరు అనుమానించు, 13 కూడా ఎక్కకపోతే ఛార్జింగే లేదు. ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి బ్యాటరీకి ఆనించకు. చవక మీటర్లలో చాలావాటికి ఆ రంధ్రం వెనక ఫ్యూజు ఉండదు. నేరుగా షార్టు.

విశాఖ_తుప్పు
సముద్రం దగ్గర ఉండేవాళ్లకి ఒక మాట, నెల్లూరుకీ వర్తిస్తుంది. పానాల మీద ఉప్పు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. పని అయ్యాక ఆయిల్ గుడ్డతో తుడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టు. సెట్లతో వచ్చే ప్లాస్టిక్ కేసులు తేమని పట్టి ఉంచుతాయి.

ఓరుగల్లు_రైడర్
హైదరాబాద్ దిక్కు వస్తే రాణిగంజ్‌ల విడి పానాలు దొరుకుతయి, సెట్టే కొనాలని బలవంతం లేదు. ఆదివారం ఎర్రగడ్డ సంతల పాతవి ఇంకా అగ్గువ.

పానా_పోతురాజు
పాతవి కొనొచ్చు, చూసి కొనాలి. జేబులో కొత్త 10, 12, 17 తలల బోల్టులు మూడు వేసుకుని వెళ్లు. రింగు పెట్టి అటూ ఇటూ ఆడించు. ఎక్కువ ఆడితే లోపలి మూలలు అరిగినట్టు. ఓపెన్ నోరు వెడల్పయిందా, పైపూత పెచ్చులు లేచిందా, రింగు గోడలో సన్న చీలిక ఉందా చూడు. పూత లేచిన చోట వేలు కోసుకుంటుంది. క్రోమ్ వెనేడియం (గట్టి స్టీలు రకం) అని పోత అక్షరాల్లో ఉంటే మంచిదే, స్టిక్కరు మీద ఉంటే లెక్కలోకి రాదు. తపారియా, జలానీ లాంటి పేర్లున్న పాత పానా బాగుంటే, పేరే లేని కొత్త సెట్టు కంటే అదే తీసుకుంటాను.

నెల్లూరు_కుర్రాడు
టాపెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫీలర్ గేజి లిస్టులో ఉంది కాబట్టి అడుగుతున్నా.

ఆటోనగర్_బాబాయ్
స్ప్లెండర్‌ది చెయ్యొచ్చు, ఎఫ్‌జెడ్ జోలికి ఇప్పుడే వెళ్లకు. రాత్రంతా ఆపిన ఇంజిన్ మీదే చెయ్యాలి. టాపెట్ మూతలు 17 పానా. మాగ్నెట్ (ఇంజిన్ ఎడమ కవరు లోపల ఇంజిన్‌తో తిరిగే చక్రం) తిప్పి, దాని మీద టీ (T) గీతని కేసు మీద గుర్తుకి కలపాలి. అప్పుడు రెండు రాకర్లూ (వాల్వుల్ని నొక్కే చేతులు) కాస్త ఆడాలి. ఏదైనా బిగుసుకుని ఉంటే అది కంప్రెషన్ కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పు. గేజి కొనేముందు రేకులు ఎక్కడ మొదలవుతాయో చూడు. 0.05 ఉండాలి, 0.10తో మొదలయ్యేది దీనికి పనికిరాదు. కొలత మీ మాన్యువల్లో ఉన్నదే పెట్టు. లాక్ నట్టు 9, పైన చిన్న చదరపు తల తిప్పడానికి టాపెట్ కీ విడిగా దొరుకుతుంది, ప్లేయరుతో పట్టుకోవద్దు.

లాక్ నట్టు బిగించాక మళ్లీ గేజి పెట్టి చూడాలి. బిగించేటప్పుడు లోపలి స్క్రూ కూడా దానితో పాటు కొంచెం తిరుగుతుంది, అక్కడే కొలత మారిపోతుంది. టిక్ టిక్ అంటుంటే వదులు, వినడానికి చిరాకు తప్ప కొంపలేం మునగవు. అసలు శబ్దమే లేకుండా బిగుతుగా పెడితే వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటు దగ్గర కాలిపోతుంది.

నెల్లూరు_కుర్రాడు
లిస్టు మార్చుకున్నా. కాంబినేషన్ 10, 12, 14, రింగులు 8-9, 16-17, టీ పానాలు మూడు, జిస్ డ్రైవరు 2 నంబరు, మిగతావి పోతురాజు అన్న చెప్పినట్టే. 46 పీసులది ప్రస్తుతానికి లేదు. ఎఫ్‌జెడ్ యాక్సిల్ కొలిచి ఆ పానా ఒకటి. టాపెట్ కీ కలిపినా 3,200 లోపే వస్తోంది. డ్రెయిన్ వాషరు ఏ సైజు అడగాలి?

పానా_పోతురాజు
స్ప్లెండర్ ప్లస్ డ్రెయిన్ వాషరు అని స్పేర్ పార్ట్స్ షాపులో అడిగితే చాలు, లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు. అయిదు తెచ్చుకో. ఎఫ్‌జెడ్‌కి విడిగా అడుగు, అదీ ఇదీ ఒకటే అనుకోకు.

కిక్_రాడ్
నాక్కూడా ఓ రెండు తెచ్చిపెట్టు తమ్ముడూ, షైన్‌ది.